పదిహేడు ఫారాల పంచాయితీ

మా రెండిళ్ళ మధ్య గోడ నడుమెత్తే. ఇల్లు కట్టినప్పుడు ఇటుకలు చాలక అక్కడితో ఆపేశారని మా అత్తగారు చెప్పేవారు. ఆ ఇటుకలు చాలకపోబట్టే సత్యనారాయణపురంలో ఇన్నేళ్ళుగా మా కబుర్లు సాగుతున్నాయి.

మొన్న ఆదివారం పొద్దున్నే ఆ గోడ మీద, పిన్నిగారి గుమ్మడి వడియాల చాట పక్కన, నా డీవీడీల పెట్టె కనిపించింది. వెనకాల బాబాయిగారు, చేతిలో కాఫీ గ్లాసుతో.

"అమ్మాయ్, ఇదుగో నీ ఖైదీ. మొత్తం చూసేశాను. ఒక్క సంగతి చెప్పు. దీన్ని బైండు చేసిందెవరు?"

బాబాయిగారు ఏలూరు రోడ్డులో ఒక ప్రెస్సులో ముప్ఫయ్యేళ్ళు ప్రూఫులు దిద్దారు. పెళ్ళి శుభలేఖ చేతికిస్తే ముహూర్తం చూడరు, అచ్చుతప్పు చూస్తారు. అలాంటాయనకి ఈ పెట్టె ఇవ్వడం నా తప్పే.

కార్డిఫ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి తెచ్చిన పెట్టె అది. ‘ద ప్రిజనర్’ అని 1967 సెప్టెంబరు 29న బ్రిటన్‌లో మొదలై, మరుసటేడు ఫిబ్రవరి మొదట్లో అయిపోయిన టీవీ సీరియల్. మొత్తం 17 భాగాలు. మన సీరియళ్ళ లెక్కన పదిహేడంటే ఇంకా పెళ్ళిచూపులకి కారు కూడా బయలుదేరదు. ఆ పదిహేడింటికే అభిమానులు 1977లో ‘సిక్స్ ఆఫ్ వన్’ అని ఒక సంఘం పెట్టుకున్నారు. ఏ భాగం తర్వాత ఏ భాగం చూడాలన్న తగువు వాళ్ళలో ఇప్పటికీ తెగలేదు. ఆ తగువు ఇప్పుడు మా గోడ దాకా వచ్చింది.

కథ ఎత్తుగడ చెబుతాను. ఒక గూఢచారి ఉద్యోగానికి రాజీనామా పత్రం బల్ల మీద పడేసి, ఇంటికొచ్చి పెట్టె సర్దుకుంటూ ఉంటాడు. తాళంచెవి కన్నంలోంచి మత్తు పొగ వదులుతారు. మెలకువ వచ్చేసరికి గది తనదే, కిటికీ తెర తీస్తే ఊరు తనది కాదు. రంగురంగుల మేడలు, సముద్రం, బ్యాండు మేళం, గొడుగులు పట్టుకుని నవ్వుతూ తిరిగే జనం. దాని పేరు ‘ద విలేజ్’. అక్కడ మనుషులకి పేర్లుండవు, నంబర్లుంటాయి. మనవాడు ఆరో నంబరు. రెండో నంబరు పెత్తందారు. ఉద్యోగం ఎందుకు మానేశావో చెప్పమని దాదాపు ప్రతి వారం ఒక కొత్త రెండో నంబరు పీడిస్తాడు. ఇతను చెప్పడు. పారిపోబోతాడు. సముద్రంలోంచి తెల్లటి బెలూనొకటి బుసకొడుతూ లేచి, వాణ్ణి కమ్మేసి ఒడ్డుకి ఈడ్చుకొస్తుంది. మొదట ఆ కాపలా యంత్రాన్ని బండిలా తయారుచేస్తే అది నీళ్ళలో పనిచెయ్యక, చివరికి వాతావరణ శాఖ వాళ్ళు ఎగరేసే బెలూనుతో సరిపెట్టుకున్నారట. చవకబారు సర్దుబాటే గాని, నాకైతే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

"ఇది బేతాళ కథే కదా! ప్రతిసారీ శవం మళ్ళీ చెట్టెక్కేస్తుంది," అన్నారు పిన్నిగారు, వడియాలు తిరగేస్తూ. ఆవిడ చూసింది రెండున్నర భాగాలు.

బాబాయిగారు అక్కడే పట్టుకున్నారు. "బేతాళ కథలకి ఫారం నంబరు అక్కర్లేదే. చందమామలో వందల కథలొచ్చాయి. ఏది ముందు చదివినా విక్రమార్కుడికి వయసు పెరగదు. ఇక్కడలా కాదు. వీడు రోజులు లెక్కపెడుతున్నాడు."

ఫారమంటే తెలియనివాళ్ళకి: పుస్తకం పేజీ పేజీగా అచ్చవదు. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు ఒకేసారి అచ్చువేసి మడుస్తారు. అదొక ఫారం. దాని మొదటి పేజీ అడుగున ఓ మూల చిన్న అంకె ఉంటుంది. బైండరు కథ చదవడు, ఆ అంకె చూసి వరస పెడతాడు. అంకె జారిపోతే నాలుగో ఫారం తర్వాత ఏడోది కుట్టేస్తారు. చచ్చిపోయిన మామగారు ముప్ఫై పేజీల తర్వాత లేచి కాఫీ అడుగుతాడు. బాబాయిగారి ఉద్యోగ జీవితంలో ఇలాంటి పునర్జన్మలు చాలా జరిగాయిట.

ఈ సీరియల్‌కి అంకెలు వెయ్యకపోవడానికి కారణం ఉంది. ఆరో నంబరుగా వేసిన పాట్రిక్ మెక్‌గూహనే దీని సృష్టికర్త, నిర్మాత, కొన్ని భాగాలకి రచయిత, దర్శకుడు. కథకి ఏడు భాగాలు చాలన్నాడాయన. అమెరికా టీవీకి అమ్మాలంటే ఇరవయ్యారు కావాలన్నాడు డబ్బు పెట్టిన లూ గ్రేడ్. బేరం పదిహేడు దగ్గర ఆగింది. తీసిన వరస ఒకటి, కోతలూ అతుకులూ పూర్తయి బయటికొచ్చిన వరస ఇంకొకటి. పదహారోదిగా వచ్చిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్’ నిజానికి ఆరోదిగా తీశారు. దాని కొనసాగింపు ‘ఫాల్ అవుట్’ తీసేనాటికి రెండో నంబరు వేసిన లియో మెక్‌కెర్న్ గడ్డం తీసేసి, జుట్టు కత్తిరించుకుని ఉన్నాడు. ఏం చేస్తారు? కథలోనే ఆయనకి క్షవరం చేయించేశారు! ఇలాంటి అతుకు చూసినప్పుడు ప్రెస్సుల్లో, సినిమాల్లో పనిచేసినవాళ్ళకి కలిగే ఆనందం వేరు. బాబాయిగారు గ్లాసు గోడ మీద పెట్టి మరీ నవ్వారు.

"సరే, అసలు సంగతికి రా. ‘డాన్స్ ఆఫ్ ద డెడ్’ ఎన్నోది?"

"ఎనిమిదోదండీ."

"నేను అయిదోదిగా చూశాను."

జరిగిందేమిటంటే, పెట్టె ఆయనకిచ్చిన మర్నాడే వాళ్ళ మనవడు డిస్కులన్నీ బయటికి లాగి, చక్రాలు దొర్లించి, చేతికందిన అరలో చేతికందిన డిస్కు దూర్చేశాడు. బాబాయిగారు మొదటి డిస్కు తర్వాత మూడోది చూశారు. దాంతో ఎనిమిదో భాగం అయిదోదైంది.

"అందులో వాడు నేనిక్కడికి కొత్త అంటాడు. నాకేం ఎబ్బెట్టుగా అనిపించలేదు. కొత్తవాడే కదా అనుకున్నాను. ఎనిమిది వారాలయ్యాక, ఎన్నికల్లో నిలబడి, లండన్ దాకా వెళ్ళొచ్చి, అప్పుడు కొత్తవాణ్ణంటే ఎవరు నమ్ముతారమ్మా? మావాడు తారుమారు చెయ్యలేదు. వరస పెట్టాడు."

మనవడి గొప్ప సంగతి ఎలా ఉన్నా, ఆయన మాటలో న్యాయం ఉంది. అది నాలుగోదిగా తీసిన భాగం. ఎన్నికల భాగం ‘ఫ్రీ ఫర్ ఆల్’ కూడా అంతే. దాన్ని మెక్‌గూహన్ ‘పాడీ ఫిట్జ్’ అన్న మారుపేరుతో రాశాడు, మొదటి భాగం తర్వాత వెంటనే తీశాడు. ప్రసారంలో మాత్రం నాలుగోదైంది. ఖైదీనే నామినేషన్ వెయ్యమంటారు, ప్రచారం వాళ్ళే చేయిస్తారు, ప్రత్యర్థీ వాళ్ళవాడే, గెలిపించేదీ వాళ్ళే. గెలిచాక వాడికి పడేవి దండలు కావు, దెబ్బలు. బెజవాడలో ఉండి దీనికి వ్యాఖ్యానం రాయనక్కర్లేదు. నా మట్టుకు నేను ఇది రెండోదిగానే చూస్తాను. ఊరి పద్ధతి తెలియనివాడే ఆ కుర్చీకి ఆశపడతాడు.

"ఇక తేదీల సంగతి," అన్నారాయన, ఎర్రసిరా పెన్ను మూత తీసినవాడిలా.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, తమాషాగా ఉంటుంది. అయిదోదిగా వచ్చిన ‘ద స్కిజాయిడ్ మ్యాన్’లో ఆరో నంబరు గదిలో క్యాలెండరు ఫిబ్రవరి 10 చూపిస్తుంది. ఆ రాత్రి వాణ్ణి ఎత్తుకుపోయి, వారాల తరబడి మందులిచ్చి, ఎడమచేతివాటం నేర్పి, జుట్టుకి రంగేసి, నువ్వు ఆరో నంబరువి కావు, పన్నెండో నంబరువి అని నమ్మించబోతారు. అసలు ఆరో నంబరు వీడే అంటూ వాడి పోలికతోనే ఇంకొకణ్ణి తెచ్చి ఎదురుగా నిలబెడతారు. క్యాలెండరు మాత్రం ఫిబ్రవరి 10 దగ్గరే ఉంచుతారు, ఒక్క రాత్రే గడిచిందనుకోవాలని. వాణ్ణి కాపాడింది వేలిగోరు. గోరు మొదట్లో దెబ్బ తగిలి కమిలిన మచ్చ ఒకటుంది. ఇప్పుడు చూస్తే అది పైకి జరిగింది. గోరు పెరిగిందంటే రోజులు గడిచాయన్నమాట. క్యాలెండరు అబద్ధమాడింది, గోరు ఆడలేదు.

ఏడోదైన ‘మెనీ హ్యాపీ రిటర్న్స్’లో లేచి చూసేసరికి ఊళ్ళో పిట్ట కూడా ఉండదు. తెప్ప కట్టుకుని 25 రోజులు సముద్రం మీద కొట్టుకుపోయి, చివరికి ఇంగ్లండు తీరం చేరి, లండన్‌లో తన ఇంటి తలుపు తడతాడు. ఆ రోజు మార్చి 18. మర్నాడు వాడి పుట్టినరోజు. మెక్‌గూహన్ పుట్టినరోజూ మార్చి 19నే లెండి.

"మార్చి 18 నుంచి 25 రోజులు వెనక్కి వెళ్ళు," అన్నారు బాబాయిగారు. "ఫిబ్రవరి 21. పదో తేదీన పడుకున్నవాడికి గోరు మచ్చ జరిగేంత కాలం గడవాలి. తర్వాత ఆరో భాగం మొత్తం జరగాలి. ఇదంతా పదకొండు రోజుల్లోనా? ఏ ఆముదం రాస్తే పెరిగిందమ్మా ఆ గోరు?"

నిజమే. ఈ వరసలో లెక్క కుదరదు. మార్చి ముందొచ్చి ఫిబ్రవరి తర్వాత రావాలి, అంటే మధ్యలో దాదాపు ఏడాది. లేదా ఒక ఫిబ్రవరికీ ఇంకో మార్చికీ మధ్య ఏడాది. ఎలా చూసినా పక్కపక్కన కూర్చోవు.

నేనూ ఊరుకోలేదు. తేదీలు పట్టుకుని వేళ్ళాడితే కథ జారిపోతుందన్నాను. ఆ ఊరు ఎక్కడుందన్న సంగతే చూడండి. ‘ద చైమ్స్ ఆఫ్ బిగ్ బెన్’లో ఒక అమ్మాయి అది లిథువేనియాలో ఉందంటుంది. ‘మెనీ హ్యాపీ రిటర్న్స్’లో పటాలు పరిచి లెక్కగడితే మొరాకో వైపు తేలుతుంది. చివరి భాగంలో లారీ ఎక్కి బయటపడితే కాసేపటికి లండన్ వెళ్ళే ఏ20 రోడ్డు మీదుంటారు. మూడు చోట్ల ఉన్న ఊరికి ఒక్క క్యాలెండరు ఎలా కుదురుతుంది? నిజంగా తీసింది ఉత్తర వేల్స్‌లో, పోర్ట్‌మైరియన్‌లో. క్లఫ్ విలియమ్స్-ఎల్లిస్ అనే వాస్తుశిల్పి 1925 నుంచి దశాబ్దాల పాటు ముచ్చటపడి కట్టుకున్న ఇటలీ వేషం వేసిన ఊరు అది. ఆయన కోరిక మీద చివరి భాగం దాకా ఆ పేరు తెర మీద వెయ్యలేదు. మా అబ్బాయి వెళ్ళి చూసొచ్చి, "అమ్మా, ఆ ఊరు టీవీలో కన్నా చిన్నది, బెలూను లేదు, టీ ధర మాత్రం చూస్తే రాజీనామా చెయ్యాలనిపిస్తుంది" అన్నాడు.

వరస మారితే తేదీలే మారవు, మనిషి మారిపోతాడు. నాకు ముఖ్యం అది. ‘మెనీ హ్యాపీ రిటర్న్స్’ కథ చివర ఏమవుతుంది? పాత పైఅధికారులు మొదట నమ్మరు, తర్వాత నమ్మి, ఊరెక్కడుందో వెతకమని విమానం ఇస్తారు. పైలటు స్థానంలో ఎవడో దూరి, సరిగ్గా ఊరి మీదికొచ్చాక వాణ్ణి సీటుతో సహా కిందికి వదిలేస్తాడు. పారాచూట్‌తో తిరిగి పంజరంలోకే దిగుతాడు. పుట్టినరోజు కేకు సిద్ధంగా ఉంటుంది. ఇది చివర్లో పెడితే వాడు ఓడిపోయినవాడు. నడిమిన పెడితే, బయట అన్నదే లేదని తెలుసుకున్నవాడు. ప్రసార వరసలో దీని తర్వాత నాలుగు వారాల్లోపే ‘హ్యామర్ ఇంటు ఆన్విల్’ వస్తుంది. అందులో వాడు పారిపోయే ప్రయత్నమే చెయ్యడు. ఒక ఆడమనిషి చావుకి కారణమైన రెండో నంబరు మీద పగబట్టి, ఉత్తుత్తి సంకేతాలు, అర్థంలేని చీటీలు, పావురాలతో కబుర్లు పంపి, వాడికి తన నీడ మీదే అనుమానం పుట్టించి కూలదోస్తాడు. అంతవరకూ గోడ దూకబోయినవాడు ఇప్పుడు గోడకి కన్నం పెడుతున్నాడు. ఈ మలుపు రావాలంటే లండన్ ముందు రావాలి. బాబాయిగారి తేదీలు ఎటు పోయినా నేను దీన్ని కదపనివ్వను.

పైగా ఇంకో పితలాటకం ఉంది. ‘హ్యామర్ ఇంటు ఆన్విల్’లో రెండో నంబరు వేసిన పాట్రిక్ కార్గిల్, అంతకు మూడు భాగాల ముందు లండన్ ఆఫీసులో వీణ్ణి అనుమానంగా చూసిన థార్ప్ అనే అధికారి వేషమూ వేశాడు. నటుడు చవగ్గా దొరికి రెండుసార్లు వాడుకున్నారా? లేక ఆ ఆఫీసులో కుర్చీ వేసుక్కూర్చున్నవాడే ఈ ఊరి పెత్తనానికీ వచ్చాడా? ఆరో నంబరు గుర్తుపట్టినట్టు ఒక్క మాటా అనడు. ప్రసార వరసలో చూస్తే మాత్రం చూసేవాళ్ళం గుర్తుపడతాం. ‘హ్యామర్’ ముందు చూస్తే ఆ వణుకు లండన్ ఆఫీసులోనే మొదలవుతుంది. రెండూ బాగానే ఉంటాయి. చెప్పడం ఇష్టం లేదు గాని రెండోదే బాగుంటుందేమో కూడా.

"మన ‘అమృతం’ సీరియల్లో అమృతరావు ముగ్గురు మారలేదూ? శివాజీరాజా, నరేషూ, హర్షవర్ధనూ," అన్నారు పిన్నిగారు. "ఆంజనేయులు ఎవరితోనైనా నువ్వెవరయ్యా అన్నాడా? మనిద్దరం అడిగామా?"

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. పైగా ‘ద ప్రిజనర్’లోనూ అలాంటిదే జరిగింది. మెక్‌గూహన్ ‘ఐస్ స్టేషన్ జీబ్రా’ సినిమాకి అమెరికా వెళ్ళినప్పుడు, ఆరో నంబరు మనసుని ఇంకొకడి ఒంట్లోకి మార్చేసినట్టు కథ అల్లి, నైజెల్ స్టాక్ అనే నటుడితో ఒక భాగం లాగించేశారు. అది చూస్తూ పిన్నిగారు ఒక్క మాటలో తేల్చేశారట, పరకాయ ప్రవేశం అని. ఆవిడ చూసిన రెండున్నర భాగాల్లో ఆ అర అదే.

‘ఎ, బి అండ్ సి’, ‘ద జనరల్’ దగ్గర మాత్రం మా ఇద్దరికీ రాజీ కుదిరింది. రెండింట్లోనూ రెండో నంబరు ఒకడే, కోలిన్ గోర్డన్. మూడోదిగా వచ్చిన ‘ఎ, బి అండ్ సి’లో వాడు ఉద్యోగం ఊడుతుందేమోనని బిక్కుబిక్కుమంటూ, పాలు తాగుతూ, ఎర్ర ఫోను మోగితే ఉలిక్కిపడుతూ ఉంటాడు. ఆరోదిగా వచ్చిన ‘ద జనరల్’లో దర్జాగా ఉంటాడు. ఆ భాగం చివర వాడి పథకం మొత్తం కాలి బూడిదవుతుంది. అలా కాలినవాడికే కదా ఆ భయం ఉండేది! పైగా మొదట్లో వచ్చే మాటల్లో ‘ద జనరల్’లో వాడు కొత్త రెండో నంబరునంటాడు, ‘ఎ, బి అండ్ సి’లో ఆ ‘కొత్త’ తీసేశారు. ఇక్కడ షూటింగు వరసా ఆదుకోదు, అందులోనూ ‘ఎ, బి అండ్ సి’నే ముందుంది. అయినా ‘జనరల్’నే ముందుకి లాగాలని తీర్మానించాం. గోడకి రెండువైపులా చేతులు ఎత్తాం.

ఇక్కడి నుంచి ముగింపు సంగతి వస్తుంది. చూడాలనుకునేవాళ్ళు ఒక నాలుగు పేరాలు దాటెయ్యండి. 1968 నుంచి దాచాం, చాలు.

దాదాపు ప్రతి భాగం మొదట్లోనూ వాడు ఒకటో నంబరు ఎవరని అడుగుతాడు. జవాబుగా నువ్వు ఆరో నంబరువి అంటారు. మాట దాటేశారనుకుంటాం. చివరి భాగంలో ఒకటో నంబరు ముసుగు లాగితే కింద కోతి ముఖం, దాన్నీ లాగితే వాడి ముఖమే. అప్పుడు వెనక్కి తిరిగి ఆ జవాబు మళ్ళీ వినాలి. ఇంగ్లీషులో ఆ మాటల మధ్య ఒక్క కామా పెడితే, "నువ్వే, ఆరో నంబరూ" అని అర్థం. సూటిగా చెప్పేశారు, వారం వారం.

"కామా!" అన్నారు బాబాయిగారు. ఆయన ముఖం చూడాలి. ముప్ఫయ్యేళ్ళు కామాలు పెట్టీ తీసేసీ జీతం తీసుకున్న మనిషి. "మన భాషలో ఈ దొంగతనం చెల్లదమ్మా. ‘నంబరువి’లో ‘వి’ ఒకటి, ‘నువ్వే’లో ‘ఏ’ ఒకటి, ఏదో ఒకటి పట్టిచ్చేస్తుంది. అవధానంలో సమస్య ఇచ్చినట్టుంది వీళ్ళ పని. పదం ఎక్కడ విరుస్తావన్న దాన్నిబట్టి భక్తుడో దుర్మార్గుడో తేలతాడు."

ఆ చివరి భాగం చూసి అప్పట్లో జనం మండిపడ్డారు. గూఢచారి కథకి గూఢచారి జవాబు కావాలని కూర్చున్నవాళ్ళకి కోతి ముఖాలూ, న్యాయస్థానంలో పాటలూ, బీటిల్స్ రికార్డు మోతలో తుపాకులూ చూపిస్తే మరి? కొన్నాళ్ళు ఎవరి కంటా పడకుండా దాక్కోవాల్సి వచ్చిందని మెక్‌గూహన్ తర్వాత చెప్పుకున్నాడు. నేను మొదటిసారి చూసినప్పుడు మా అబ్బాయికి ఫోన్ చేసి తిట్టాను. రెండోసారి చూశాక తిట్టలేదు గాని, అర్థమైందనీ అనలేదు.

ఇంకొకటి గమనించారా అన్నాను. వాడు లండన్‌లో తన ఇంటికి చేరతాడు. తలుపు మీద ఒకటో అంకె. ఊళ్ళో తలుపులు ఎలా తమంతట తామే తెరుచుకునేవో ఇదీ అలాగే తెరుచుకుంటుంది, అదే రొదతో. ఆఖరి దృశ్యంలో ఉరుము ఉరుముతుంది, ఖాళీ రోడ్డు మీద వాడి కారు దూసుకొస్తుంది. మొదటి భాగం ‘అరైవల్’లో మొట్టమొదటి దృశ్యం కూడా అదే.

బాబాయిగారు కాసేపు మాట్లాడలేదు. కాఫీ గ్లాసు కాకి తన్నుకుపోతుందేమోనని పిన్నిగారు లోపలికి తీసుకెళ్ళారు. తర్వాత ఆయన పెట్టె గోడ మీంచి మళ్ళీ తన వైపు లాక్కున్నారు.

"ఇంకో పదిహేను రోజులు ఉండనీ."

నిన్న సాయంత్రం పెట్టె తిరిగొచ్చింది. లోపల పాత గ్యాలీ ప్రూఫు వెనకవైపు, ఎర్రసిరాతో జాబితా. ‘ఫ్రీ ఫర్ ఆల్’ రెండు. ‘డాన్స్ ఆఫ్ ద డెడ్’ మూడు, పక్కన బ్రాకెట్లో "మనవడి సౌజన్యంతో". ‘ద జనరల్’ ముందు, ‘ఎ, బి అండ్ సి’ తర్వాత. ‘మెనీ హ్యాపీ రిటర్న్స్’ని మూడుసార్లు కొట్టేసి మూడు చోట్ల రాసి, చివరికి నేను పెట్టమన్న చోటే పెట్టి పక్కన ప్రశ్నార్థకం వేశారు. ‘ఫాల్ అవుట్’ పదిహేడు. ‘అరైవల్’ దగ్గర ఒకటి వేసి, కొట్టేసి, అంచున పద్దెనిమిది అని దిద్దారు.